యంత్రమును మేలుకొలుపు విత్తనము
చిల్లుల కార్డు మొదలు పెన్ డ్రైవు వరకు

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమ చరిత్ర పుస్తకములను కూడబెట్టిన చరిత్ర మాత్రమే కాదు. పుస్తకము పాఠకుని గుమ్మము కడకు నడచివచ్చిన చరిత్ర కూడను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకట రమణయ్యగారి వంటి కార్యదీక్షాపరులు ఊరూర తిరిగి గ్రంథాలయములకు పునాదులు వేయించిరి. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. నాడు గుంటూరు జిల్లాలో ఉండిన ఆ గ్రామము 1970లో కొత్త జిల్లాలో చేరి, ఆ జిల్లా ప్రకాశం పేరు దాల్చగా అందు భాగమై, 2022 నుండి బాపట్ల జిల్లాలోనిదైనది. జిల్లాల ఎల్లలు మారినను నికేతనపు పేరు చెక్కుచెదరలేదు. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడపిరి. పుస్తకము కొనలేనివానికి, పట్టణమునకు పోలేనివానికి, పడవయే పుస్తకమును మోసుకొని వచ్చెను.

ఈనాడు పల్లెటూరి గ్రంథాలయములలో బీరువాల ప్రక్కన కంప్యూటరు కూడ చోటు చేసికొన్నది. అయితే పుస్తకమునకును కంప్యూటరునకును ఒక భేదము కలదు. పుస్తకమును తెరచిన చాలును, అక్షరము కంటబడును. కంప్యూటరునకు విద్యుత్తు ఇచ్చినంత మాత్రమున అది పలుకదు. దానిలో ఆపరేటింగ్ సిస్టము అను నిర్వహణ వ్యవస్థ ప్రతిష్ఠింపబడి యుండవలెను. అది చెడిపోయినచో, లేక కాలము తీరిపోయినచో, వేల రూపాయల యంత్రము ఒక మూల బొమ్మవలె కూర్చుండును. అట్టి యంత్రమునకు మరల చైతన్యము కలిగించు సాధనము నేడు బొటనవ్రేలంత పెన్ డ్రైవు. ఆ చిన్న వస్తువు వెనుక డెబ్బది యేండ్లకు పైబడిన చరిత్ర యున్నది. ఆ చరిత్రలో తెలుగువారి ప్రయత్నములకును చోటు కలదు.

చెంబెడు నీటి సూత్రము

పొలమున ఇంజను పంపును నడపువారికి ఒక సంగతి తెలియును. గొట్టము ఖాళీగా నున్నప్పుడు చక్రము ఎంత తిరిగినను బావిలోని నీరు పైకి రాదు. ముందుగా పైనుండి కొంత నీరు పోయవలెను. ఆ కొద్ది నీరు గొట్టమును నింపిన పిమ్మట పంపు తానే నీటిని లాగికొనును. కంప్యూటరు స్థితియు ఇట్టిదే. అది చేయు ప్రతి పనికిని ఆజ్ఞలు కావలెను. ఆజ్ఞలు దాని జ్ఞాపకములో ఉండవలెను. కాని యంత్రమును ఆపగానే ఆ జ్ఞాపకము తుడిచిపెట్టుకొని పోవును. మరల వెలిగించినప్పుడు జ్ఞాపకము ఖాళీ. ఆజ్ఞలను లోనికి తెచ్చుటకే ఒక ఆజ్ఞ కావలెను. ఆ మొదటి ఆజ్ఞ ఎక్కడనుండి రావలెను? ఈ ఒక్క ప్రశ్నకు వేర్వేరు కాలములలో చెప్పబడిన సమాధానములే ఈ చరిత్ర.

పాశ్చాత్యులు ఈ క్రియకు బూటింగు అని పేరు పెట్టిరి. తన బూట్ల వెనుకనుండు వారును తానే పట్టి తన్ను తాను పైకి ఎత్తుకొనుట అను పరిహాసోక్తినుండి ఆ మాట పుట్టినది. అసాధ్యమని తోచు ఆ పనిని సాధ్యము చేయుటకు కొద్దిపాటి ఆజ్ఞలను బయటనుండి అందించుటయే ఉపాయము. పంపులో పోసిన చెంబెడు నీరు అదియే.

చిల్లుల కార్డులు, కాగితపు పట్టీలు

1952లో వెలువడిన ఐబీఎం 701 అను యంత్రమునకు లోడ్ అను మీట యుండెను. దానిని నొక్కగా చిల్లులు పొడిచిన కార్డుల కట్టనుండియో, అయస్కాంతపు టేపునుండియో మొదటి ఆజ్ఞలు లోనికి ప్రవేశించెడివి. అవి తక్కినవానిని పిలుచుకొనెడివి. తరువాతి కాలపు చిన్న యంత్రములలో పనివాడు ముందు పలకమీది మీటలను ఒక్కొక్కటిగా పైకి క్రిందికి త్రిప్పి మొదటి కొన్ని ఆజ్ఞలను చేతితో ఎక్కించి, ఆపై కాగితపు పట్టీని చదివించెడివాడు. ఒక్క మీట తప్పినను పని మొదటికి వచ్చెడిది.

భారతదేశమునకు ఈ యంత్రములు 1950 దశకము నడుమ కలకత్తాలోని భారత గణాంక సంస్థ ద్వారా ప్రవేశించెను. తెలుగునేలపై 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ 1969లో టీడీసీ-12 అను కంప్యూటరును వెలువరించెను. అప్పటికి అట్టి యంత్రము పరిశోధనాలయములకే పరిమితము. గుంటూరు మిరప యార్డులోని గుమాస్తాకుగాని, చిలకలూరిపేట పత్తి వర్తకునికిగాని దానితో పనిలేదు. కాని మొదటి ఆజ్ఞ ఎట్లు అందవలెనను చిక్కు ఆ దినములలోనే స్పష్టముగా గుర్తింపబడెను.

పళ్లెము వచ్చుట

1971లో ఐబీఎం సంస్థ ఫ్లాపీ డిస్కును లోకమునకు అందించెను. దానిని గూర్చి చాలమంది ఎరుగని విశేష మొకటి కలదు. అది ఉత్తరములు, పద్దులు దాచుకొనుటకై పుట్టినది కాదు. సిస్టం 370 అను పెద్ద యంత్రములను మేల్కొలుపునప్పుడు వానికి కావలసిన మూలాజ్ఞలను అందించుటకే అది పుట్టినది. ఆ మొదటి పళ్లెము ఎనిమిది అంగుళముల వెడల్పు గలది. అందు పట్టు సమాచారము సుమారు 80 కిలోబైట్లు. ఆ యంత్రము దానిని చదువగలదే గాని దానిపై వ్రాయజాలదు. అనగా నేటి బూటు చేయు పెన్ డ్రైవునకు అదియే నిజమైన పూర్వీకుడు. అంతకుముందు ఆజ్ఞలలో ఒక సవరణ చేయవలసివచ్చినచో పనివారు యంత్రము కడకు పోయి మార్పులు చేయవలసియుండెను. ఇక మీదట పళ్లెమును తపాలాలో పంపిన చాలును.

1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటరు వచ్చినది. దాని లోపల ఎన్నటికిని చెరగని చిప్పులో బయోస్ అను చిన్న కార్యక్రమము అమర్చబడెను. విద్యుత్తు అందగానే అది కన్నుతెరచి, కీబోర్డు, తెర మొదలగు అంగములను పరీక్షించి, ఫ్లాపీలో మొదటి భాగమును చదివి, అందున్న ఆజ్ఞకు పగ్గములు అప్పగించును. 1990 దశకమున గుంటూరు, ఒంగోలు, విజయవాడ వీథులలో డీటీపీ కేంద్రములు వెలసినప్పుడు ఫ్లాపీ పెట్టె లేని బల్ల లేదు. పెండ్లి శుభలేఖలు, విత్తనాల కరపత్రములు వీనిలోనే ఊరినుండి ఊరికి ప్రయాణము చేసెను.

అయితే తెలుగుకు అప్పుడొక పెద్ద బాధ యుండెను. ఒక్కొక్క అక్షరరూపమునకు ఒక్కొక్క సంకేతపద్ధతి. ఒక కేంద్రములో కూర్చిన తెలుగు మరియొక కేంద్రములో తెరచినచో అర్థములేని గుర్తులుగా కనబడెడిది. 1991లో భారతీయ లిపులకు ప్రమాణ సంకేతము నిర్ణయింపబడినది. ఆ యేడే వెలువడిన యూనికోడు మొదటి కూర్పులో తెలుగునకు స్థానము లభించినది. కాని శాస్త్రము నిర్ణయించినది వాడుకలోనికి వచ్చుటకు మరి పదేండ్లు పట్టెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను యూనికోడు అక్షరరూపములను రూపొందించి అందరికిని ఉచితముగా అందించిరి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తెలుగు లిపిని గుర్తించినది. 2003లో తెలుగు వికీపీడియా ఆరంభమైనది.

వెండి బిళ్ల, స్వేచ్ఛా తంత్రము

ఆపరేటింగ్ సిస్టములు పెరిగి ఫ్లాపీలో ఇముడకపోవుటతో సీడీ ముందునకు వచ్చెను. 1995లో ఫీనిక్స్, ఐబీఎం సంస్థలు కలిసి సీడీనుండి బూటు చేయు పద్ధతిని ప్రకటించెను. దానికి ఎల్ టొరిటో అని ఒక భోజనశాల పేరు పెట్టిరి. 2000లో జర్మనీలో క్లౌస్ నాపర్ నాపిక్స్ అను సీడీని వెలువరించెను. దానిని పెట్టి యంత్రమును వెలిగించినచో లోపలి డిస్కును ముట్టుకొనకయే సంపూర్ణమైన వ్యవస్థ పనిచేయును. కొనకముందే గింజ నోటవేసి చూచుకొను వీలు దీనివలన కలిగెను.

ఈ సీడీలు ఇంతగా పంచిపెట్టబడుటకు కారణము స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమము. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. ఏ ప్రయోజనమునకైనను వాడుకొనుట, దాని నిర్మాణమును చదివి మార్చుకొనుట, ఇతరులకు పంచిపెట్టుట, మార్చినదానిని గూడ పంచిపెట్టుట – ఈ నాలుగును వాడుకరి హక్కులని ఆయన వాదించెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మూలభాగమును వ్రాసి లోకమున విడుదల చేసెను. ఈ రెండును కలిసి నేటి స్వేచ్ఛా వ్యవస్థలకు ఆధారమైనవి. 2005 నుండి 2011 వరకు ఉబుంటు వారు కోరినవారికెల్ల సీడీలను తపాలా ఖర్చు లేకుండ పంపిరి.

తెలుగుదేశమును ఈ గాలి సోకకపోలేదు. 2005లో భారత ప్రభుత్వము తెలుగు అక్షరరూపములు, తెలుగు కార్యాలయ సాధనములు గల ఉచిత సీడీని విడుదల చేసినది. ఆ కాలముననే హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ అను సంస్థ ఏర్పడి, తెలుగులో పలుకు లినక్స్ వ్యవస్థను కూర్చుటకును, దానిని కళాశాల విద్యార్థులకు నేర్పుటకును పూనుకొన్నది; పిల్లల కొరకు బాల స్వేచ్ఛ అను కూర్పును గూడ తయారుచేసినది. ప్రభుత్వ సంస్థయైన సీ-డాక్ 2007లో బాస్ లినక్స్ అను భారతీయ భాషల వ్యవస్థను విడుదల చేసెను. ఇదిగాక ఎందరో స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రులు మేల్కొని ఫైలు, మడత, తెరువు, దాచు వంటి మాటలను ఒక్కొక్కటిగా తెలుగు చేసిరి. నాడు ఊరూర తిరిగి పుస్తకములు పోగుచేసిన కార్యకర్తలకును వీరికిని వృత్తి వేరైనను వ్రతము ఒక్కటే.

బొటనవ్రేలంత సాధనము

పెన్ డ్రైవు మూడు వేర్వేరు పాయల సంగమము. మొదటిది, విద్యుత్తు పోయినను సమాచారమును నిలుపుకొను ఫ్లాష్ మెమరీ. దీనిని జపానులోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా 1980 దశకమున కనిపెట్టెను. రెండవది, 1996లో వెలువడిన యూఎస్‌బీ అను సర్వసాధారణ సంధానము. దీని రూపకల్పనలో వడోదరలో చదివిన అజయ్ భట్ ప్రముఖుడు. మూడవది, ఈ రెంటిని ఒక చిన్న తొడుగులో కూర్చిన యోచన. దీనికై ఇజ్రాయేలుకు చెందిన ఎం-సిస్టమ్స్ 1999లో పేటెంటు దరఖాస్తు చేసెను. సింగపూరు, చీనా సంస్థలును తామే ముందని వాదించెను. 2000లో ఐబీఎం అమ్మకమునకు పెట్టిన పెన్ డ్రైవులో 8 మెగాబైట్లు మాత్రమే పట్టెడివి. అది ఆనాటి ఫ్లాపీకి అయిదింతలకు మించినదని జనులు ఆశ్చర్యపడిరి. నేడు సామాన్యముగా వాడు 8 గిగాబైట్ల డ్రైవు దానికి వేయిరెట్లు.

మొదట ఇది ఫైళ్లు మోయు సంచి మాత్రమే. క్రమముగా కంప్యూటరు తయారీదారులు బయోసు దీనినుండి గూడ బూటు చేయునట్లు మార్చిరి. 2007లో యునెట్‌బూటిన్, 2011లో రూఫస్, 2020లో వెంటాయ్ అను ఉచిత సాధనములు వచ్చుటతో నిపుణుల విద్య సామాన్యుల చేతికి అందెను.

తయారు చేయు విధము

ఇచ్చట జరుగు పొరపాటు ఒక్కటి తరచుగా కనబడుచుండును. ఇంటర్నెట్టునుండి దించుకొనిన ఐఎస్ఓ అను పెద్ద ఫైలును, పాటను ఎక్కించినట్లు డ్రైవులో పెట్టి, అది బూటు కాలేదని విసుగు చెందుదురు. విత్తనపు సంచిని మూతి విప్పక పొలము నడుమ పడవేసిన మొక్క మొలచునా? మిరప గింజను మడిలో చల్లి, నారు పెంచి, చాళ్లలో నాటవలెను. అట్లే ఐఎస్ఓలోని వస్తువులను విప్పి, బయోసు వెదకు చోటనే మొదటి ఆజ్ఞ ఉండునట్లు డ్రైవుపై అమర్చవలెను. రూఫస్ వంటి సాధనము చేయు పని ఇదియే.

పని వరుస ఇట్లుండును. మొదట 8 గిగాబైట్లకు తక్కువగాని డ్రైవును తీసికొని, అందున్న ఫైళ్లను వేరుచోట భద్రపరుపవలెను. తయారీలో అవన్నియు తుడుచుకొని పోవును. రెండవది, కావలసిన వ్యవస్థను దానిని తయారుచేసినవారి స్వంత చోటునుండియే దించుకొనవలెను. మూడవది, దించినది సరియైనదో కాదో పరీక్షింపవలెను. దీనికై వారు 64 అక్షరములు, అంకెలు గల ఒక ముద్రను ప్రకటింతురు. దించిన ఫైలునుండి లెక్కించిన ముద్ర దానితో అక్షరాల సరిపోయినచో ఫైలులో లోపము లేదని అర్థము. కల్తీ విత్తనముచే నష్టపడిన రైతులున్న ఈ సీమలో ఈ పరీక్ష ఆవశ్యకతను వేరుగ చెప్పనక్కరలేదు. తాళము పగులగొట్టిన దొంగ ప్రతులను నమ్మి వాడుటయు గుర్తులేని పొట్లములోని విత్తనమును నాటుటయు ఒక్కటే.

నాలుగవది, సాధనములో డ్రైవును, ఫైలును ఎన్నుకొనునపుడు యంత్రపు వయస్సును గమనింపవలెను. పాత యంత్రములలో బయోసు, కొత్తవానిలో యూఈఎఫ్ఐ అను నవీన పద్ధతి యుండును. కొత్త పద్ధతి సామాన్యముగ ఫ్యాట్32 అను అమరికను కోరును. అందు 4 గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలు ఇముడదు. కావుననే విండోసు డ్రైవును చేతితో చేయబోయినవారికి ఒక్కొక్కప్పుడు పని నడుమ ఆగిపోవును. సాధనమైనచో దీనికి ఉపాయము తానే చూచుకొనును. అయిదవది, డ్రైవును యంత్రమునకు తగిలించి వెలిగించి, తయారీదారు నిర్ణయించిన మీటను నొక్కి బూటు పట్టికలో పెన్ డ్రైవును ఎన్నుకొనవలెను.

ఆరవది అన్నింటికంటె ముఖ్యము. వెంటనే డిస్కుపై ప్రతిష్ఠింపక, ముందు డ్రైవునుండియే వ్యవస్థను నడపి చూడవలెను. తెర, శబ్దము, ఇంటర్నెట్టు, ముద్రణయంత్రము సరిగా పనిచేయుచున్నవో లేదో పరికింపవలెను. గ్రంథాలయపు సభ్యుల పట్టికలు, పుస్తకముల జాబితాలు ఆ యంత్రములోనే ఉన్నచో వానిని వేరొక డ్రైవులోనికి ప్రతి తీసికొనవలెను. డిస్కు నంతటిని తుడిచివేయుదునా అని తెరపై ప్రశ్న వచ్చినపుడు అవునను మాటకు తిరుగు లేదు.

విత్తనము ఎవరిది?

ఈ సంగతి కేవలము సాంకేతికమని తోచవచ్చును. కాని పత్తి, మిరప పండించు ఈ మైదానపు రైతులకు దీని లోతు సులభముగా బోధపడును. గుంటూరు చెంత లాం పరిశోధనా కేంద్రము వెలువరించిన భాగ్యలక్ష్మి, ఎల్‌సీఏ-334 వంటి మిరప రకములలో మంచి కాయలను ఏరి విత్తనము కట్టుకొని, తోటివానికి సేరు గింజలిచ్చుట రైతుకు సాధ్యము. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి సంకరములలో ఆ వీలు లేదు. మలితరమున గుణము నిలువదు గనుక ఏటేట కొనవలసినదే. సంకరము దిగుబడి నిచ్చినమాట నిజమే. విత్తనము రైతు చేతినుండి జారినమాటయు నిజమే. ఆపరేటింగ్ సిస్టములలోను ఈ రెండు జాతులు గలవు. కొన్ని కొనుగోలు చేసిన షరతులకు లోబడి వాడదగినవి. కొన్ని పంచుకొనదగినవి, మార్చుకొనదగినవి.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు సామాన్య ఉచిత సంరక్షణ ముగిసినది. దాని తరువాతిదైన విండోస్ 11 నియమముల ప్రకారము నవీన ప్రాసెసరును, టీపీఎం 2.0 అను భద్రతా చిప్పును కోరును. కావున చక్కగా నడచుచున్న యంత్రములెన్నో ఒక్క తేదీతో వృద్ధములైపోయెను. దాతలు ఇచ్చిన పాత కంప్యూటర్లతో నడచు పల్లె గ్రంథాలయమునకు ఇది చిన్న సమస్య కాదు. కొత్త యంత్రము కొనుటకు పెట్టు సొమ్ము పుస్తకముల పద్దునుండియే రావలెను. అట్టిచోట ఒక పెన్ డ్రైవులోని తేలికయైన లినక్స్ వ్యవస్థ ఆ యంత్రమునకు మరి కొన్నేండ్ల ఆయువు పోయగలదు.

అట్లని అది సర్వరోగనివారిణి యని చెప్పరాదు. కొన్ని ముద్రణయంత్రములు దానితో పొసగవు. డీటీపీ కేంద్రములవారు అలవాటుపడిన సాధనములు కొన్ని అందు నడువవు. పాత అక్షరరూపములలో కూర్చిన తెలుగును యూనికోడులోనికి మార్చిన గాని చదువ వీలుగాదు. నేర్పువాడు దగ్గర లేనిచో మొదటి వారము పాఠకులు తడబడుదురు. ఈ చిక్కులను ముందే ఎరిగి, ఒక్క యంత్రముతో మొదలిడి, అది కుదురుకొనిన పిమ్మట తక్కినవానికి పూనుకొనుట వివేకము.

గ్రంథాలయపు కర్తవ్యము

ఒక విషయము మాత్రము నిశ్చయము. స్వేచ్ఛా వ్యవస్థ గల పెన్ డ్రైవును పాఠకునికి అప్పుగా నిచ్చుట నేరము కాదు సరికదా, దానిని వ్రాసినవారి కోరిక అదియే. ఒక్క డ్రైవు ఊరిలోని పది ఇండ్లు తిరిగి రావచ్చును. పదిచోట్ల నాటబడినను అది తరుగదు. దానికి ఒక సంఖ్య వేసి, పుస్తకమునకువలె చిట్టాలో ఎక్కించి, లోపలి వ్యవస్థ పేరును, తయారుచేసిన తేదీని చీటీపై వ్రాసి, ఏడాదికొకసారి కొత్త కూర్పుతో మార్చుచుండిన చాలును. ఆ పని యందు ఆసక్తి గల ఇద్దరు విద్యార్థులకు నేర్పినచో ఊరికి ఆ విద్య దక్కును.

పెదవడ్లపూడి కాలువపై పడవ పోయిన దారి వేరు, నేటి పెన్ డ్రైవు పోవు దారి వేరు. కాని రెండింటి గమ్యము ఒక్కటే: ధనముగాని, దూరముగాని, భాషగాని అడ్డురాకుండ సామాన్యుని చేతికి జ్ఞానసాధనము చేరవలెను. పుస్తకమును ఊరి సొత్తుగా చేసిన గ్రంథాలయములు యంత్రమును మేలుకొలుపు ఈ విత్తనమును గూడ ఊరి సొత్తుగా చేయగలిగిన నాడు పూర్వుల కృషి కొనసాగినట్లగును.